మా అమ్మకూ నాకూ ఒకే నడుము నొప్పి

ఆ రోజు నా కూతురికి బడి బూట్ల లేసులు కట్టబోతే నడుము వంగలేదు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు, దానికి నాలుగు. అంతకుముందు బరువులేవీ ఎత్తలేదు, ఎక్కడా పడలేదు. గోడ పట్టుకుని నిలబడి, "నువ్వే కట్టుకో బిడ్డా" అన్నాను. దానికి చేతకాక లేసులు రెండూ బూట్లలోకి దోపుకుని పోయింది.

పదింటికల్లా నొప్పి తగ్గిపోయింది. చాలా ఏళ్లు నన్ను మోసం చేసింది అదే. చంద్రపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో లారీలను తూచే కాంటా గదిలో నాది కంప్యూటర్ పని. పొద్దున మంచం దిగడానికి అరగంట పట్టేది. మధ్యాహ్నానికి అందరిలాగే తిరిగేదాన్ని.

"పొద్దుగాల లేవరాదంటవ్, పదింటికి మంచిగైతవ్. ఇదేం నొప్పో నాకు సమజైత లేదు," అనేవాడు మా ఆయన. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక.

చంద్రపూర్‌లో మేముండే తుకుం పేటలో, ఇంటికి దగ్గరలో ఉన్న ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి, "మజిల్ స్పాజమ్. మూడు వారాలు బెడ్ రెస్ట్" అన్నారు. నడుముకు బెల్టు, మాత్రలు రాశారు. పడుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలంటే మంచం పట్టె పట్టుకుని లాక్కోవాల్సి వచ్చేది. ఇంకో డాక్టర్ ఎమ్మారై తీయించి, "డిస్క్ కొంచెం బల్జ్ అయింది. ఇప్పుడు అందరికీ ఉంటుంది, భయం లేదు" అన్నారు. బరువులు కట్టి నడుమును లాగే ట్రాక్షన్ పెట్టారు. పక్క ఊరు భద్రావతిలో నూనె మర్దన చేసే ఆయన ఉన్నాడంటే రెండు నెలలు ప్రతి ఆదివారం బస్సులో వెళ్లాను. మర్దన చేయించుకున్న పూట హాయిగా ఉండేది. మర్నాడు పొద్దున మళ్లీ అదే.

అట్లా ఐదేళ్లు గడిచాయి. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు నేను చేరేసరికి కాంటా దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి. సూపర్‌వైజర్ మంచి మనిషే. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి మరాఠీలో, "తాయీ, ఘరీ ఆరామ్ కరా" అన్నాడు. అక్కా, ఇంట్లో విశ్రాంతి తీసుకో అని. నాకు పనికొచ్చేది విశ్రాంతి కాదని అప్పటికి నాకూ తెలియదు. పని మానేశాను.

ఆ ఏడాది ఎండాకాలంలో కుడి కన్ను ఎర్రబడింది. వెలుతురు చూస్తే పొడిచినట్టుండేది. కళ్ల కలక అనుకున్నాను. కంటి డాక్టరమ్మ మిషన్‌లో చాలాసేపు చూసి, కన్ను సంగతి వదిలేసి, "పొద్దున లేచేసరికి నడుము పట్టేస్తుందా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి డాక్టర్ ఆమె.

"మీకెట్ల తెలుసు?" అన్నాను.

"ఇది యువైటిస్, కంటి లోపలి వాపు. కొందరికి కంటికీ వెన్నుకూ కలిపి వస్తుంది. ఆలస్యం చేయకుండా కీళ్ల వాపులు చూసే రుమటాలజిస్ట్‌కు చూపించండి," అంది.

నాగ్‌పూర్ వెళ్లాం. హెచ్‌ఎల్‌ఏ బి27 అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. ఈసారి ఎమ్మారై నడుముకు కాకుండా దాని కింద, తుంటి ఎముక వెన్నును కలిసే చోట తీశారు. "యాంకైలోజింగ్ స్పాండిలైటిస్" అన్నారు రుమటాలజిస్ట్. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఒంట్లోని రోగనిరోధక శక్తే వెన్ను కీళ్లను వాచేలా చేస్తుందట. పట్టించుకోకపోతే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయట. "పూర్తిగా పోదు. అదుపులో పెట్టవచ్చు. మీ ఇంట్లో ఇట్లాంటి నొప్పి, వంగిన వెన్ను ఎవరికైనా ఉందా?"

"మా అమ్మకు," అన్నాను.

మా పుట్టిల్లు రాజురా వైపు పల్లె. పత్తి, కంది పండిస్తారు. మా అమ్మ పొద్దున గోడ పట్టుకుని వాకిట్లో మెల్లగా నడిచేది. పొయ్యి దగ్గరికి రావడానికి చాలాసేపు పట్టేది. నాన్నను మేం బాపు అంటాం. ఆయన రోజూ చేనుకు పోతూ, "నీ అసొంటి పనిదొంగ ఈ ఊర్ల ఇంకోతి లేదు" అనేవాడు. పద్నాలుగేళ్ల వయసులో చాయ్ పెట్టే పని నా మీద పడింది. ఒకరోజు చిరాకుతో, "నీ నాటకాలు చాలు, లేవే" అన్నాను. అమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆమె ఎడమ కన్ను ఏడాదికి రెండుసార్లు ఎర్రబడేది. ఆకు పసరు పోసేవాళ్లు. తర్వాత ఆ కంటి చూపు పోయింది. ఇప్పుడు ఆమె మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి.

నెల తర్వాత అమ్మనూ బాపునూ నాగ్‌పూర్ తీసుకెళ్లాను. డాక్టర్ మా అమ్మ ఎక్స్‌రే లైటు మీద పెట్టారు. విడివిడిగా ఉండాల్సిన వెన్నుపూసలు వెదురు బొంగులా ఒకటే కర్ర అయిపోయాయి. "బ్యాంబూ స్పైన్" అన్నారు. అతుక్కున్నవి మళ్లీ విడివడవు, నొప్పికి మందు ఇవ్వగలనంతే అన్నారు.

అమ్మ నన్నే అడిగింది. "గిది ఎప్పటి సంది ఉన్నదట?"

నేను హిందీలో అడిగి చెప్పాను. ఇరవై, ఇరవై రెండేళ్ల వయసు నుంచే అయి ఉంటుందని.

"అంటే గిది బీమారేనా?"

"బీమారే అమ్మా."

"మరి నేను పనిదొంగను కాదన్నట్టేనా? డాక్టర్ సాబ్‌ను అడుగు."

హిందీలో ఆ మాట తల దించుకుని మెల్లగా అడిగాను. వినపడక డాక్టర్ రెండోసారి చెప్పమన్నారు. విని, కలం కింద పెట్టి, అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ వెన్నుతో ఇన్నేళ్లు పత్తి ఏరినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు" అన్నారు. ఆ మాట తెలుగులో చెప్పాను. అమ్మ తల ఊపలేదు, ఊపడానికి ఆమెకు రాదు. బాపు లేచి బయటికి వెళ్లాడు.

బయట బెంచీ మీద ఆయన పక్కన మేం కూర్చున్నాక, "నాకు ఎర్కలేకపాయె" అన్నాడు బాపు, ఎవరినీ చూడకుండా.

"నువ్వు అడగలే," అంది అమ్మ.

తిరుగు బస్సులో చంద్రపూర్ దాకా ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఆ రోజు నుంచి బాపు ఆమెను ఒక్క మాట అనడు. అనకుండా ఉండటం తప్ప ఇంకేం చేయాలో ఆయనకు తెలిసినట్టు లేదు. మందుతో అమ్మకు నొప్పి కాస్త తగ్గింది. తల పరుపుకు ఆనదు కాబట్టి మూడు దిండ్లు పెట్టుకుని పడుకుంటుంది. ఎదురుగా నిలబడినవాళ్ల మొహం చూడాలంటే కూర్చోమని అడుగుతుంది.

నాకు రోగనిరోధక శక్తిని తగ్గించే ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు చేసిన టీబీ పరీక్షలో తేడా వచ్చి కొన్ని నెలలు ముందుగా టీబీ మందులు వాడాల్సి వచ్చింది. ఆ నెలల్లో కన్ను మళ్లీ ఎర్రబడింది. ఇప్పుడు ఇంజెక్షన్లు పడుతున్నాయి. పొద్దున అరగంట వ్యాయామం చేస్తాను, ఒక్కరోజు మానినా నడుము చెబుతుంది. నొప్పి లేని పొద్దులు వారంలో రెండో మూడో ఉంటాయి. ఫ్యాక్టరీకి మళ్లీ వెళ్లలేదు. ఇంట్లోనే ట్యూషన్ చెబుతున్నాను. కూతురు పెద్దదైంది. ఇంట్లో ఒకరికి ఉన్నంత మాత్రాన అందరికీ రాదని డాక్టర్ చెప్పారు. అయినా అది మంచం దిగేటప్పుడు ఏదో పని ఉన్నట్టు అక్కడే తిరుగుతుంటాను.

నడుము నొప్పికి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్కడ నొప్పో చెప్పి ఊరుకోకండి. ఎప్పుడు నొప్పో చెప్పండి. పొద్దున ఎంతసేపు పట్టేస్తుందో, తిరిగితే తగ్గుతుందో పెరుగుతుందో చెప్పండి. వెళ్లేముందు ఇంట్లో అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, నీకు ఎక్కడ నొస్తుంది, ఎన్నేళ్ల నుంచి అని అడగండి. నేను అడిగేసరికి మా అమ్మకు అరవై దాటాయి.