సముద్రంలో సవతి

ఆటుకి నీరు తీసిన వేళ నడుము వంచి నాచు పెంచే తాళ్ళు కట్టే సొమోయెకు తలెత్తినప్పుడల్లా కిచాంగ దీవి కంటికి తగిలేది. సముద్రం అంచున ఎవరో తెల్లదారంతో కుట్టడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసినట్టు ఒక సన్నని గీత. దాని మీద కాసిని సరుగుడు చెట్లు.

ఆ గీత మీద ఆమె మనసులో ఎన్నోసార్లు పడుకుంది. అక్కడ పొయ్యి లేదు, తాళ్ళు లేవు, పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. వీపు కింద ఇసుక మెత్తగా, ఎంత బరువైనా మోస్తానన్నట్టు ఉంటుంది. దూరదేశాలు ఆమెకు అక్కర్లేదు. దార్ ఎస్ సలాం కూడా అక్కర్లేదు. తెల్లారుతూ తెరచాప ఎత్తితే ఎండ ముదిరేలోపు చేరే ఆ దీవిలో, ఏ పనీ లేకుండా, రెండు రోజులు. అంతే.

ఆ రెండు రోజులు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. దీవికి మాత్రం ఏటా ఆమె మొగుణ్ణి ఇచ్చారు.

ఉత్తరపు గాలి మొదలవగానే ఊరి మగవాళ్ళు కిచాంగలో దాగో వేసేవారు. ఆకుపాకలు, చేపలు ఎండబెట్టే తడకలు. గాలి మళ్ళేదాకా అక్కడే మకాం. ఆమె మొగుడు షవేజి నీళ్ళలో మునిగి ఆక్టోపస్‌లు పట్టేవాడు. "నన్నూ తీసుకెళ్ళు" అని సొమోయె పెళ్ళైన కొత్తలో గోముగా అడిగింది, తర్వాత విసుగ్గా అడిగింది. జవాబు మారలేదు.

"దాగోకి ఆడాళ్ళు రారే. వస్తే చేప రాదు."

సరే, ఆచారం. దానికి ఆమె తల వంచింది. కానీ ఈ మధ్య కొన్నేళ్ళుగా ఆమెను లోపల్లోపల నమిలేస్తున్నది వేరే ఉంది. దాగో నుంచి మగవాళ్ళందరూ ఎండుచేపల్లా తిరిగొస్తే, షవేజి ఒక్కడూ బుగ్గలు నిండి వచ్చేవాడు. పైగా వెళ్ళేటప్పుడు వంటింట్లోంచి మేకపీట పట్టుకుపోయేవాడు.

కొబ్బరి కోరే పొట్టిపీట అది. ముందుకు చాచిన ఇనుప నాలుక, దాని చివర పళ్ళు. ఆడదాని ఆసనం. మగవాడు దాని మీద కూర్చుంటే ఊరు ఏడాది పొడుగునా నవ్వుకుంటుంది. మరి ఆడది అడుగుపెట్టని దీవిలో దాని మీద కూర్చునేదెవరు?

"వల బాగుచేసేటప్పుడు కూర్చోడానికి" అన్నాడు షవేజి, ఆమె మొహం చూడకుండా.

ఆ ఏడు కూడా అతను వెళ్ళాక, సొమోయె కొబ్బరికాయ పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడాల్సి వచ్చింది.

"పిలి అక్కా, నీ మేకపీట ఒకసారి ఇస్తావా?"

"నీది మళ్ళీ సముద్రం దాటిందా?" పిలి పీట తీస్తూనే నోరూ తీసింది. "పీట వెళ్ళిందంటే కూర్చునేది ఉండే ఉంటుందమ్మా. అటు మాఫియా దీవి వైపు నుంచి పడవలు రావా ఏం? వాటిల్లో ఆడాళ్ళు ఉండరా?"

"నోర్ముయ్ అక్కా."

"నేను మూస్తాలే. నీ మొగుడి బుగ్గలు ఎవరు మూస్తారు?"

ఆ రోజు నుంచి దీవి ఆమెకు దారపు గీతలా కనిపించలేదు. తెల్లబట్ట కట్టుకుని వెల్లకిలా పడుకున్న ఆడదానిలా కనిపించింది. తను పడుకోవాల్సిన చోట ఎవతో పడుకుంది. సరుగుడు కొమ్మలు కదిలితే దాని జుట్టు ఆరబోసుకున్నట్టుండేది. సొమోయె నాచుతాడు ముడిని పళ్ళతో బిగించేది.

దాగోకి నీళ్ళూ కర్రపెండలం పిండీ మోసే పడవకు హేమెది అనే అతను సరంగు. సొమోయెకు మేనమామ. ఒక తెల్లవారుజామున ఆడవాళ్ళు నడుములోతు నీళ్ళలో నడుస్తూ డబ్బాలు అందిస్తుంటే, సొమోయె తన డబ్బాతో పాటు తానూ పడవెక్కి పిండి బస్తాల మధ్య కూర్చుంది.

"దిగవే, నీరు తీసేస్తోంది."

"దిగను మామా."

"ఆడదాన్ని దాగోకి తీసుకెళ్తే వాళ్ళు నా గడ్డం పీకుతారే!"

"ఉన్న నాలుగు వెంట్రుకలకి ఇంత బెంగా?"

పడవ అడుగు ఇసుకకు రాసుకుంది. ఇంకో మాట అంటే మళ్ళీ పోటు వచ్చేదాకా అక్కడే పాతుకుపోవాలి. హేమెది దేవుణ్ణి తలుచుకుని తెరచాప ఎత్తాడు.

దారి పొడుగునా సొమోయె ఆ ఆడదాన్ని తయారు చేసుకుంది. సన్నని నడుము పెట్టింది. చేతులకు గోరింట పెట్టింది. ఆ జుట్టు ఏ చేత్తో దొరకబుచ్చుకోవాలో కూడా ఆలోచించుకుంది.

దీవి దగ్గరయ్యాక, కెరటాల చప్పుడు మీదుగా ఇంకో చప్పుడు వినిపించింది. కర్, కర్, టక్. కర్, కర్, టక్. అది తన పీటే. దాని పళ్ళలో ఒకటి విరిగింది, కొబ్బరి అక్కడ తట్టుకుంటుంది. సొమోయె పడవ ఆగకముందే నీళ్ళలోకి దూకి, తడిబట్టలతో ఆ చప్పుడు వెంట పాక వెనక్కి నడిచింది.

పీట మీద షవేజి కూర్చుని ఉన్నాడు. గడ్డం నిండా కొబ్బరి తురుము. పక్కన పెద్ద కుండ, దాల్చినచెక్క వాసన. తలూపుతూ ఏదో పాట పాడుతున్నాడు. చుట్టూ మగవాళ్ళు అన్నానికి పిల్లల్లా కాచుకుని ఉన్నారు.

"ఏదీ అది?" అంది సొమోయె.

"ఏది?" షవేజి లేవబోతే పీట కాళ్ళ మధ్య ఇరుక్కుంది.

"ఈ పీట మీద కూర్చునేది."

షవేజి చేతిలోని కొబ్బరిచిప్ప వంక చూసుకున్నాడు. "నేనే."

"మా వంటక్క ఇతనే వదినా!" అన్నాడు ఎవడో. పకపకా నవ్వారు. ఆమె మొహం చూసి ఆపేశారు.

"మునిగి మునిగి చెవి పగిలిందే, కొన్నేళ్ళయింది" అన్నాడు షవేజి నెమ్మదిగా. "మునిగితే కళ్ళు తిరుగుతున్నాయి. వీళ్ళు వంట చెయ్యమన్నారు. ఊళ్ళో తెలిస్తే నవ్వుతారని..."

సొమోయె హాయిగా ఊపిరి పీల్చుకోవాల్సింది. పీల్చుకోలేకపోయింది. ఆడదై ఉంటే జుట్టు పట్టుకునేది. ఇప్పుడు దేన్ని పట్టుకోవాలి? ఇంట్లో పొయ్యి వంక తొంగిచూడని మనిషి ఇక్కడ కుండకు మూత సర్దుతున్నాడు. ఆ పాట ఆమె ఏనాడూ వినలేదు. చెవి పగిలిన సంగతి ఇంతమందికి తెలుసు, పక్కన పడుకునేదానికి తెలియదు.

"వడ్డించు" అంది.

కొబ్బరిపాల అన్నం, పాలలోనే ఉడికిన ఆక్టోపస్. బాగుంది. తను వండేదానికంటే బాగుంది. అది ఇంకో మంట. పళ్ళెం అక్కడే వదిలి, సరుగుడు నీడలో ఇసుక మీద పడుకుంది. వీపు కింద ఇసుక తను కలగన్నట్టే ఉంది. ఎవరూ పిలవలేదు. అయినా కళ్ళు మూసుకుంటే ఆ పాటే. ఎవరెవరి కోసమో పాడుతున్న పాట.

పోటు వచ్చింది. హేమెది కేకేశాడు. సొమోయె లేచి, ఇసుక దులుపుకుని, మేకపీట చంకన పెట్టుకుని పడవెక్కింది.

"వదినా, అది తీసుకుపోతే రేపు మా గతేంటి?"

"ఉప్పు నంజుకుని పిండిముద్దలు తినండి."

షవేజి మోకాటిలోతు నీళ్ళలోకి పరుగెత్తుకొచ్చాడు. "సొమోయె!"

"కోరాలంటే ఇంటికి రా. మన వాకిట్లో, పిలి అక్క చూస్తుండగా కూర్చుని కోరు. నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటా."

గాలి మళ్ళాక అతను వచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి, అందరిలాగే ఎండుచేపలా వచ్చాడు. సొమోయె లోపల్లోపల సంతోషించింది. కొన్నాళ్ళు పీట వైపు చూడలేదు. ఆపైన ఒక మధ్యాహ్నం, ఆమె నాచు ఆరబోసి వచ్చేసరికి, వాకిట్లో కర్, కర్, టక్. పిలి గోడ మీదుగా తల పెట్టి, "ఏమయ్యా షవేజీ, గడ్డం ఊడిపోదూ?" అంది.

"ఊడితే నీకిస్తాలే అక్కా" అన్నాడతను.

ఇప్పటికీ ఆ చప్పుడు వింటూ సొమోయె చాప మీద నడుము వాలుస్తుంది. చేతులు ఊరికే ఉంచుకుంటుంది. ఏ పడవా ఎక్కనక్కర్లేని దీవి ఆ చాప. ఎప్పుడైనా కొబ్బరిచిప్ప చేతిలో ఆగిపోయి, షవేజి సముద్రం చివరి తెల్లగీత వంక చూస్తే, ఆమె కళ్ళు తెరవకుండానే అంటుంది:

"ఇటు చూడు."