నన్ను నౌకరిలో చేర్పించిన కారు

అప్పట్లో మా వికారాబాద్ వీధిలో కారున్న ఇల్లు మాదొక్కటే. అందుకని మేము కలిగినవాళ్లమనుకునేరు. ఎవరో వాడి వాడి వదిలించుకున్న కారును మా నాయన ముచ్చటపడి కొన్నాడు, దానితో మాకు కలిగింది పరేషానే. అది మమ్మల్ని మోసిన దూరం, మేము దాన్ని తోసిన దూరం విడివిడిగా కూడితే రెండోదే ఎక్కువ వస్తుందని నేనంటే ఆయన నొచ్చుకునేవాడు. (లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగిన తేదీ, వారం, తిథి కూడా గుర్తున్నాయి. చెప్తే మీరు నా వయసు కట్టేస్తారని చెప్పడం లేదు.) పెట్రోల్ ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని నేనే ఒక వెదురుపుల్ల మీద లీటరుకొక గాటు పెట్టి, మూత తీసి, టాంకీలో ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి చెప్పేదాన్ని. ఆ కారు దగ్గర నాకున్న హోదా అదొక్కటే.

ఇంతలో తాండూరులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. దసరా సెలవులు అయిన మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల చేరాలి, లేకపోతే నా తర్వాతి మనిషికి ఇచ్చేస్తామని ఆర్డరులోనే రాశారు. "రైలెక్కి పోత నాయనా, గంటల దిగుత" అన్నాను. "నా బిడ్డ మొదటిసారి నౌకరికి పోతుంటె రైల్ల నిలబడి పోతదా? మన కారుల పోదం" అన్నాడు. వెనక సీట్లో నా పక్కన అమ్మ, ముందు సీట్లో అమ్మ తమ్ముడు. ఆయన్ని మేము ఇంజినీరు మామ అనేవాళ్లం. (చదివింది ఏడో తరగతి. కానీ వాన రాకపోయినా, బర్రె పాలివ్వకపోయినా కారణం చెప్పగలడు.)

ఎనిమిదింటికే బయల్దేరాం. అనంతగిరి మలుపుల్లో కారు రెండుసార్లు దగ్గి, ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. "ఎంతుందో చూడు బిడ్డా" అంటూ నాయన బానెట్ ఎత్తాడు. నేను వెనక్కి పోయి మూత తీసి పుల్ల ముంచాను. సగం పైనే తడిసింది. "మస్తుంది నాయనా!" ఇక మామ అందుకున్నాడు. "పంపు వేడెక్కింది బావా. లోపల పెట్రోల్ ఆవిరైతున్నది. తడిబట్ట కప్పాలె." తాగడానికి తెచ్చుకున్న నీళ్లు, ఆఫీసు కోసం కొన్న నా కొత్త చేతిరుమాలు దానికే పోయాయి. నేను మూత బిగించి వచ్చి కూచున్నాను. కారు కదిలింది. "చూసినవా!" అని మామ మీసం దువ్వుకున్నాడు.

ధారూర్ దాటగానే మళ్లీ అదే దగ్గు. మళ్లీ "చూడు బిడ్డా", మళ్లీ పుల్ల. ఈసారి వంతు నాయనది. పైపులో చెత్త పడ్డదని తేల్చి, దాన్ని ఊడదీసి నోటితో గట్టిగా పీల్చాడు. చెత్త రాలేదు గానీ పెట్రోల్ వచ్చింది. ఉమ్మి, కళ్లు తుడుచుకుని తాళం తిప్పితే బండి లేచింది. ఇప్పుడు "చూసినవా!" అనడం ఆయన వంతు. మూడోసారి ఆగినప్పుడు నేను మళ్లీ మూత తీసి పుల్ల ముంచాను, వాళ్లిద్దరూ కలిసి కార్బురేటర్ విప్పారు. "జెట్టు బొక్క మూసుకపోయింది. తీగ పెడితె చెడుతది, పొడుగు వెంట్రుక కావాలె అక్కా" అన్నాడు మామ. అమ్మ జడలోంచి ఒకటి పీకి ఇస్తూ "నా తలల ఉన్నయే నాలుగు, అవి సుత గీ కారుకేనా!" అంది. దూరంగా రైలు కూత వినిపించింది. నేనెక్కాల్సిన రైలు. మిగిలిన దూరాన్ని మేము పోతున్న తీరుతో భాగించి చూశాను. ఎటు తిప్పి చేసినా పన్నెండున్నర వస్తోంది. ఒక లెక్క తప్పు కావాలని నేను కోరుకున్నది నా జన్మలో ఆ రోజే.

పెద్దేముల్ ఇంకా రాకముందే నాలుగోసారి ఆగింది. ఈసారి ఎవరూ బానెట్ ఎత్తలేదు. మామ దగ్గర కారణాలు అయిపోయాయి. ఒక ఆటో వచ్చింది గానీ మనుషులు బయటికి వేలాడుతున్నారు. "జాగ లేదక్కా!" అని అరిచి డ్రైవరు ఆగకుండానే పోయాడు. నాయన రోడ్డు పక్క రాయి మీద కూలబడి, "నీ నౌకరి నేనే ఖరాబు చేసిన బిడ్డా" అన్నాడు. ఆయన కళ్లు పెట్రోల్ వల్ల ఎర్రబడ్డాయో, మరెందువల్లో నేను అడగలేదు. ఏడుపు దాచుకోవడానికి కారు వెనక్కి పోయి, అలవాటు కొద్దీ మూత తిప్పాను.

"ఉస్స్" మని కారు పెద్ద ఊపిరి తీసింది.

అంతకు ముందు మామ ఉపన్యాసాల్లో అది వినపడలేదు. "నాయనా, ఏం ముట్టకు. ఉత్తగ తాళం తిప్పు" అన్నాను. తిప్పాడు. లేచింది! తడిబట్ట లేదు, పీల్చింది లేదు, వెంట్రుక లేదు. నాలుగుసార్లూ తప్పకుండా జరిగింది ఒక్కటే, నేను మూత తియ్యడం. మూతను వెలుతురులో తిప్పి చూశాను. టాంకీలో పెట్రోల్ తగ్గేకొద్దీ గాలి లోపలికి పోవడానికి నడుమ సన్నటి రంధ్రం ఉంటుంది. దాని మీద రూపాయి బిళ్లంత పసుపు, అందులో కుంకుమ. గాలి పోక, పంపు ఎంత గుంజినా పెట్రోల్ కదల్లేదు. అది దసరా నాడు అమ్మ పెట్టిన బొట్టు. కారుకు నోరు అదే కదా అని ఏటా అక్కడే పెట్టేది. కిందటేడు పెట్టిన బొట్టు రాలిపోయిందని మనసు పాడుచేసుకుని, ఈ ఏడు పసుపులో మైదా ఉడికించి కలిపింది. సిమెంటు కూడా అంత గట్టిగా పట్టదు.

నాయన ఆ మూతను చూశాడు. కారులో కళ్లు మూసుకుని అనంతగిరి పద్మనాభస్వామికి దండం పెడుతున్న అమ్మను చూశాడు. "మీ అమ్మకు చెప్పకు" అన్నాడు మెల్లగా. నా గాజుకున్న పిన్నీసు తీసి రంధ్రం మీద ఉన్నంత వరకే గీకాను. ఆ తర్వాత కారు తాండూరు దాకా దగ్గలేదు. నేను ఆఫీసు మెట్లెక్కేసరికి గోడ గడియారం ముళ్లు ఇంకా కలవలేదు. పెద్ద గుమాస్తా నన్ను వాసన చూసి, "పెట్రోల్ బంకులకెల్లి వస్తున్నవా అమ్మా?" అంటూనే సంతకానికి రిజిస్టరు జరిపాడు.

"ఈసారి బొట్టు గట్టిగ పెట్టిన, అందుకే నా బిడ్డ చేరింది" అని అమ్మ వీధంతా చెప్పుకుంది, బతికినన్నాళ్లూ చెప్పింది. ఏటా దసరాకు మైదా ఉడికించింది. మర్నాడు తెల్లవారకముందే నాయన పిన్నీసు పట్టుకుని కారు వెనక్కి పోయేవాడు. ఆమెకు తెలియకుండా ఆయన అంత శ్రద్ధగా చేసిన పని ఇంకొకటి లేదు.

మొన్న దసరాకు మా మనవరాలి కారుకు నేనే బొట్టు పెట్టాను. "అమ్మమ్మా, గీ కారు మూతకు నువ్వు చెప్పే రంధ్రం ఉండనే ఉండదు" అని నవ్వింది. తెలుసు. అయినా ఒకటికి రెండుసార్లు చూసుకుని, నడుమ కాకుండా కొంచెం పక్కకు పెట్టాను. మైదా మాత్రం కలిపాను. పిన్నీసు ఎటూ గాజుకే ఉంది.