ప్లేటు మీద ఐదు

తిరుమలగిరిలో సూర్యాపేట రోడ్డు మీద మల్లేష్ మోటర్ వైండింగ్ షాపు ఉంది. బోర్డు మీద పేరు మల్లేష్‌దే గానీ, కాలిపోయిన మోటరును ఆటోలో వేసుకొచ్చిన రైతు దిగుతూనే అడిగేది మాత్రం "స్వర్ణమ్మ ఉన్నదా?" అనే.

మల్లేష్ ఈ పని మిర్యాలగూడ రైసుమిల్లుల్లో నేర్చుకున్నాడు. పెళ్లయిన కొత్తలో తిరుమలగిరికి వచ్చి షాపు పెట్టాడు. బోరు మోటరు పొడవాటి ఇనుప గొట్టంలాగా ఉంటుంది. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని సన్నటి సందుల్లోంచి రాగి తీగెను అటూ ఇటూ లాగాలి. రెండో చివర కూర్చోవడానికి మనిషి దొరక్క మల్లేష్ భార్యను కూర్చోబెట్టాడు. రెండేళ్లు తిరిగేసరికి తీగె చుట్టడంలో ఆమె అతన్ని మించిపోయింది. తీగెను వేళ్ల మధ్య పట్టుకుని మందం చెప్పేది. లోపలి కోరు పొడవును మూరతో కొలిచి ఆ మోటరు ఎన్ని హార్స్‌పవరో చెప్పేది. ప్లేటు మీద ఏం రాసి ఉందో ఆ తర్వాతే చూసేది.

ఒక ఎండాకాలం భిక్షపతి అనే ముసలి రైతు కొత్త మోటరు తెచ్చి షాపు ముందు దించాడు. నెల రోజులు కూడా నడవలేదట. నీళ్లు బొటనవేలంత ధారగా కూడా రావడం లేదట. స్వర్ణ విప్పి చూసింది.

"కాకా, దీని మీద ఏడున్నర అని ఉన్నది. కడుపుల ఐదుకు ఎక్కువ లేదు" అంది.

"కొత్త డబ్బ నా ముంగటనే పగలగొట్టిండ్రు బిడ్డా. అచ్చువేసి ఉన్నది గద!"

"రాసుడు అల్కనే కాకా. రాగి నింపుడే బరువు."

భిక్షపతి చాలాసేపు ఆ మోటరు వైపు చూసి, "మనుషులు గూడ గంతే" అని బీడీ ముట్టించుకున్నాడు. స్వర్ణ నవ్వింది. ఆ రోజుల్లో ఆమె తేలిగ్గా నవ్వేది.

అది ఒక రకం అబద్ధం. రెండో రకం అబద్ధం ఆమె చేతుల మీదుగానే జరిగేది, కానీ దాన్ని అబద్ధమని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ మెట్ట నేలల్లో నీళ్లు ఏటేటా లోతుకు పోతున్నాయి. రెండు వందల అడుగుల్లో దొరికిన నీళ్లు నాలుగు వందలకు దిగాయి. ఐదు హార్స్‌పవర్ మోటరు అంత లోతు నుంచి లాగలేదు, ఏడున్నర కావాలి. కానీ కనెక్షన్ కాగితం ఐదుకే ఉంటుంది. కాగితం మార్చుకోవాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. మోటరు ఎక్కడో పాతాళంలో ఉంటుంది, దాన్ని తీసి చూసేదెవరు? తనిఖీకి వచ్చినవాళ్లు చూసేది గట్టు మీది స్టార్టర్ డబ్బాకు ఉన్న ప్లేటే. అందుకని రైతులు ఏడున్నర మోటరు దించి, డబ్బాకు ఐదు అని ప్లేటు కొట్టించుకునేవాళ్లు. స్వర్ణ దగ్గర అంకెల ఉలులు ఉండేవి. చిన్న అల్యూమినియం ముక్క మీద ఉలి పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ. ఆమె కొట్టిన అంకె కంపెనీలో అచ్చైనట్టే ఉండేది. అందరూ చేసేదే. మేకు కొట్టినట్టు కొట్టి ఇచ్చేది, మళ్లీ తీగె చుట్టడంలో పడిపోయేది.

స్వర్ణ అన్న అంజన్న, తిరుమలగిరికి ఆరు కిలోమీటర్ల దూరంలో పుట్టింటి ఊళ్లోనే ఉండేవాడు. వాళ్లది గొర్రెలు కాసిన కుటుంబం. తండ్రి పోయాక అంజన్న మంద అమ్మి బోరు వేయించాడు. మూడెకరాల్లో వానాకాలం పత్తి, యాసంగికి రెండెకరాల వరి. మనిషికి మాటకారితనం ఎక్కువ. షాపుకు వస్తే మోటర్ల మధ్య నేల మీదే కూర్చుని చెల్లెలితో ముచ్చట్లు పెట్టేవాడు.

"ఐదు గుర్రాలు, ఏడున్నర గుర్రాలు అంటరు. గొర్రెలనైతే కొట్టంల తోలి లెక్కవెడ్తం. గుర్రాలను ఎట్ల లెక్కవెడ్తం చెల్లె? ఆ సగం గుర్రం ముంగటి సగమా, ఎనకటి సగమా?"

"నువ్వు జర ఊకో అన్నా, చుట్లు మర్సిపోతున్న" అని విసుక్కుంటూనే స్వర్ణ నవ్వేది.

ఆ యేడు సంక్రాంతి దాటాక అంజన్న బోరు నీళ్లు తగ్గాయి. ఐదు మోటరు తీయించి, మల్లేష్ చేత ఏడున్నర దింపించాడు. పని అయ్యాక ప్లేటు కోసం స్వర్ణ దగ్గరికి వచ్చాడు.

"నాకు గూడ ఐదు కొట్టియ్యి చెల్లె. నీ చేతితోని కొడ్తే ఏ సారూ గుర్తువట్టడు."

స్వర్ణ కొట్టి ఇచ్చింది. అన్న కోసం కదా అని అంకె పక్కన చిన్న పువ్వు గీత కూడా చెక్కింది. అంజన్న దాన్ని చొక్కా అంచుతో తుడిచి, జేబులో వేసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ ఊరి పడమటి పొలాలకు ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. దాని కింద పన్నెండు బోర్లు. కాగితం మీద పన్నెండు ఐదులు అరవై. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పన్నెండు మోటర్లూ ఒకేసారి లేచేవి, ఫ్యూజు కొట్టేసేది. లైన్‌మెన్ ఒక్కడే, అతనికి నాలుగు ఊళ్లు. అతను వచ్చేదాకా ఆగలేక రైతులే కరెంటు ఆపే హ్యాండిల్ దించి, ఫ్యూజుకు కొత్త తీగె వేసి, హ్యాండిల్ మళ్లీ ఎత్తుకునేవాళ్లు.

మార్చి రెండో వారం. వరి పొట్ట మీద ఉంది. ఆ వారంలో ఫ్యూజు పోవడం అది నాలుగోసారి. పొద్దున ఎనిమిదింటికి అంజన్న లైన్‌మెన్‌కు ఫోన్ చేశాడు. అతను పదకొండింటికల్లా వస్తానన్నాడు. మడి అప్పటికే నెర్రెలిస్తోంది. అంజన్న హ్యాండిల్ దించి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయాడు. స్తంభం మీద మూడు తీగెలకు మూడు బ్లేడ్లు ఉంటాయి, హ్యాండిల్ దించితే మూడూ ఊడి కరెంటు ఆగాలి. రెండు ఊడాయి. ఎప్పటినుంచో అరిగి ఉన్న మూడోది ఊడలేదు. ఎండ కళ్లలో పడి అతను దాన్ని చూడలేదు.

స్వర్ణకు ఫోన్ వచ్చేసరికి ఆమె చేతిలో తీగె ఉంది. సగం చుట్టిన మోటరు అట్లాగే వదిలేసి మల్లేష్ బండి మీద వెళ్లింది. అప్పటికే అన్నను గట్టు మీదికి తెచ్చి తువ్వాల కప్పారు. కాళ్లకు ఇంకా మడి బురద ఉంది. వదిన రేణుకమ్మ అతని అరచేతిని తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవడం లేదు. కాలిన చోట కొంగుతో విసురుతోంది, మంట తగ్గుతుందన్నట్టు.

మూడో రోజు కరెంటు ఆఫీసు నుంచి మనుషులు వచ్చారు. ఒక్కో బోరు దగ్గరికీ పోయి డబ్బా మీది ప్లేటు చూసి రాసుకున్నారు. పన్నెండు ఐదులు. "లోడు సరిగ్గనే ఉన్నది" అన్నాడు వచ్చినవాళ్లలో పెద్దాయన. "ట్రాన్స్‌ఫార్మర్ల ఏం తప్పు లేదు. రైతు తొందరపడి ముట్టుకున్నడు."

స్వర్ణ లెక్క వేసింది. ఆ పన్నెండింట్లో ఎనిమిది ఏడున్నరలు. ఆ ఎనిమిదింట్లో ఐదు ప్లేట్లు తాను కొట్టినవి. ట్రాన్స్‌ఫార్మర్ మోస్తున్నది అరవై కాదు, ఎనభై. ఫ్యూజు ఎందుకు వారానికి నాలుగుసార్లు పోతోందో ఆ ఊళ్లో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"సారూ..." అని ముందుకు వచ్చింది.

రేణుకమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. తల వంచుకునే, పళ్ల బిగువున అంది. "నోరు మూస్కో స్వర్ణా. దొంగ మోటరు పెట్టి సచ్చిండని రాస్తరు. సచ్చినోన్ని దొంగను జెయ్యకు."

చుట్టూ పదకొండు మంది రైతులు. ఎవరూ తల ఎత్తలేదు. స్వర్ణ నోరు మూసుకుంది. వాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆమె షాపుకు పోలేదు. మళ్లీ పోయిన మొదటి రోజే అంకెల ఉలులను గుడ్డలో చుట్టి తీసుకుపోయి పాత ఇనుము కొనేవాడి బండిలో వేసింది.

"మనం కొట్టకుంటే ఇంకోడు కొడ్తడు స్వర్ణా" అన్నాడు మల్లేష్. కోపంతో కాదు, నీరసంగా.

"కొట్టనీ. నా చేతితోని మాత్రం కాదు."

ప్లేటు కావలసిన రైతులు మోటర్లు కూడా సూర్యాపేటకే తీసుకుపోవడం మొదలుపెట్టారు. గిరాకీ సగానికి పడింది. మల్లేష్ వారంలో నాలుగు రోజులు మిర్యాలగూడ మిల్లుల్లో పాత పనికే పోవలసి వచ్చింది. షాపులో స్వర్ణ ఒక్కతే మిగిలింది. రెండో చివర కూర్చునేవాళ్లు లేక, తీగె లాగి లేచి, ఆ పక్కకు పోయి అందుకుని, మళ్లీ ఈ పక్కకు వచ్చేది. ఒక రోజులో అయ్యే పని మూడు రోజులు పట్టేది.

వర్షాలు పడ్డాక ఆమె కరెంటు ఆఫీసుకు వెళ్లింది. కొత్తగా వచ్చిన ఏఈ పేరు విజయ్. కోదాడ వైపు కుర్రాడు, మర్యాదగా కూర్చోబెట్టాడు.

"ఆ ఊరికి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కావాలె సారూ."

"అమ్మా, మా రికార్డులో ఉన్నది అరవయ్యేనండి. అరవైకి ఉన్నదే సరిపోద్ది. ఎక్కువ లోడు ఉందని కాగితం లేకుండా నేనెట్లా రాస్తాను?"

"ఎనభై ఉన్నది సారూ. ప్లేట్లు అబద్ధం. నేనే కొట్టిన."

విజయ్ కలం కింద పెట్టాడు. "ఈ మాట నేను వినలేదనుకుంటాను" అన్నాడు చివరికి. "రైతులే వచ్చి, మా మోటర్లు ఇంత అని రాసిచ్చి, పెంచమని అడగాలి. అప్పుడు నేను పైకి పంపుతాను. పన్నెండు మందీ రావాలి."

పన్నెండు మందిని ఒప్పించడానికి ఆమెకు ఆ యేడంతా పట్టింది. తీగెకు తగిలిస్తే కరెంటు ఎంత పోతోందో చూపించే మీటరు పట్టుకుని బోరు బోరుకూ తిరిగింది. ఐదు మోటరైతే ముల్లు తొమ్మిది పది దగ్గర ఆగుతుంది, ఏడున్నరైతే పద్నాలుగు దాకా పోతుంది. కొందరు దగ్గరికి రానివ్వలేదు. "మీ అన్న పానం పోయింది, ఇగ మా కనెక్షన్లు గూడ తీపిస్తవా?" అని ఒకడు మొహం మీదే అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, పది రోజులు ఆగి, మళ్లీ అతని గట్టు మీదికే పోయింది.

ముందుగా ఒప్పుకున్నది భిక్షపతి. అతని బోరు కూడా ఆ పన్నెండింట్లోదే.

"పెట్టు బిడ్డా నీ మిషిని" అన్నాడు డబ్బా తలుపు తీసి. మీటరు ముల్లు చూసి, "అంజన్న పోయిన పొద్దు ఫ్యూజుకు నేనే పోవాల్సింది. పక్కూరికి సావుకు పోయిన" అన్నాడు. మిగిలినవాళ్లను ఒప్పించడానికి ఆమెతో పాటు కర్ర పొడుచుకుంటూ తిరిగింది అతనే.

అంజన్న బోరు దగ్గరికి మాత్రం స్వర్ణ పోలేదు. పన్నెండో కాగితం మీద సంతకం రేణుకమ్మది కావాలి. భిక్షపతే తీసుకుపోయి పెట్టించుకొచ్చాడు. ఏమన్నదని స్వర్ణ అడిగితే, "ఏమనలే, పెట్టింది" అన్నాడు.

మరుసటి యేడు ఫిబ్రవరిలో రెండో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. పొద్దున పదింటికి లైను కలిపారు. కొబ్బరికాయలు కొట్టారు. మోటర్లన్నీ ఒకేసారి లేచాయి, ఫ్యూజు పోలేదు. ఎవరో స్వర్ణ చేతిలో బెల్లం ముక్క పెట్టారు. రేణుకమ్మ రాలేదు. ఆమె పొలాన్ని పాలికి ఇచ్చేసి కూలికి పోతోందని అక్కడే తెలిసింది.

స్వర్ణ ఇంటికే వెళ్లింది. రేణుకమ్మ వాకిట్లో కూర్చుని పత్తి ఏరుతోంది. చూసి, లేచి, లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. రేణుకమ్మ పత్తికాయలను దగ్గరికి లాక్కుని మళ్లీ ఏరసాగింది.

"వదినె, నేను కొట్టకపోతే..."

"ఆ ముచ్చట వద్దు." రేణుకమ్మ చేతులు ఆగలేదు. "నువ్వు కొట్టకపోతే వేరేవాళ్లు కొడ్తుండె. ఫ్యూజుకు ఈన పోకపోతే ఇంకొకరు పోతుండె. ఇవన్ని నేను గూడ అనుకున్న. అనుకుంటే పోయినోడు వస్తడా?"

"నా మీద కోపం ఉంటే తిట్టు వదినె. తిట్టకుంటేనే నాకు..."

రేణుకమ్మ అప్పుడు తల ఎత్తి ఆమెను చూసింది. చూస్తూ చూస్తూ ఆమె కళ్లు నిండాయి. అన్న పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం స్వర్ణ చూడటం అదే మొదలు.

"కోపం లేదు స్వర్ణా. నీ మొఖం అచ్చం ఆయనదే. గా ముక్కు, గా కండ్లు. నువ్వు వాకిట్లకు వస్తుంటే ఆయనే వస్తున్నట్టు ఉంటది. దగ్గరికొచ్చినంక కాదని తెలుస్తది. ప్రతిసారి ఇంకోపారి సచ్చినట్టయితది నాకు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కొన్నొద్దులు రాకు. నేనే పిలుస్త."

స్వర్ణ తల ఊపింది. చెంబులో మిగిలిన నీళ్లు తాగి, ఖాళీ చెంబును గడప పక్కన పెట్టి లేచింది. రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడింది. పొలాల్లో పన్నెండు బోర్లూ పోస్తున్నాయి. ఆ చప్పుడు రోడ్డు దాకా వినిపిస్తోంది.

ఇది జరిగి ఎనిమిది నెలలు. రేణుకమ్మ ఇంకా పిలవలేదు. బతుకమ్మ పండుగకు స్వర్ణ చీర కొని, భిక్షపతి చేతికిచ్చి పంపింది. ఆమె తీసుకుందని, కట్టుకుందని అతను వచ్చి చెప్పాడు. "ఏ రంగు పంపినవో గుర్తున్నదా?" అని అతను అడిగితే, స్వర్ణ "పచ్చది కాకా" అంది. రేణుకమ్మకు బాగుందని ముసలాయన చెబుతుంటే, చుట్టే తీగె ఆపి, చివరిదాకా విన్నది.