అన్న బిల్ల

మా బాపు మందమర్రిలో బొగ్గుబాయి దిగేవాడు. దిగే ప్రతి మనిషికీ దీపాల గది దగ్గర నంబరు వేసిన ఇత్తడి బిల్ల ఇచ్చేవారు. పైకొచ్చాక కిటికీలో తిరిగిస్తే గుమాస్తా దాన్ని చెక్క మీది మేకుకు తగిలించేవాడు. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. ఒకసారి బాయిలో పైకప్పు కూలినప్పుడు మేం అవ్వ అని పిలిచే మా అమ్మ ఆ కిటికీ ముందు నిలబడి బాపు మేకునే చూస్తూ ఉండిపోయింది. ఎవరెంత చెప్పినా కదల్లేదు. బాపు బిల్ల మేకెక్కాకే ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది.

మా అన్న కూడా బాయి దిగకూడదని అవ్వ పంతం పట్టింది. ఆ పంతానికే అన్న ఫౌజులో సిపాయిగా చేరాడు. "మన్ను కింద కాదు గదవ్వా, పైననే గదా" అని నవ్వించి రైలెక్కాడు. చీనాతో లడాయి జరిగిన చలికాలం, అన్న చనిపోయాడని టెలిగ్రాం వచ్చింది. శవం రాలేదు. అవ్వ ఏడవలేదు. "కండ్లతోని సూడకుండ ఎట్ల ఏడ్వాలె?" అంది.

తర్వాత బడి మైదానంలో సభ పెట్టారు. అన్న ఫోటోకు దండలు వేశారు, జై కొట్టారు. బతికున్నప్పుడు పండగకు సెలవు దొరకని మనిషికి అన్ని దండలు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఫౌజు ఆఫీసరు ఒకాయన అన్న పెట్టె తెచ్చి అవ్వకిచ్చాడు. అందులో ఉన్ని స్వెటరు, గ్లాసు, అడుగున సిపాయిలు మెడలో వేసుకునే, తాడుకు కట్టిన చిన్న బిల్ల, దాని మీద అన్న నంబరు. అది చూడగానే అవ్వ ముఖం వెలిగింది.

"బిల్ల అచ్చింది గదా సారూ, మరి పిలగాడేడి?"

ఆయన టోపీ తీశాడు. "నీ కొడుకును దేశం ఎన్నటికీ మరిచిపోదమ్మా" అన్నాడు. ఆ గొంతులో అబద్ధం లేదు.

"మరువకపోతే మంచిదే. ఎప్పుడస్తడో చెప్పు."

ఆ రోజు నుంచి అవ్వ పూటపూటకూ అన్నకు కంచం పెట్టింది. బాపు వద్దనలేకపోయాడు. ఆ కంచం పక్కన కూర్చుని తనూ తినలేకపోయాడు.

చివరికి ఒకనాడు బాపు, తన షిఫ్టు ముగిసే వేళకు దీపాల గదికి రమ్మని అవ్వకు చెప్పాడు. నేనూ వెంట వెళ్ళాను. బాపు తన బిల్ల ఇచ్చి, పక్కకు జరిగి, "నీ తానున్న బిల్ల గూడ ఇయ్యి" అన్నాడు. అవ్వ కొంగుముడి విప్పి అన్న బిల్లను కిటికీలో పెట్టింది. గుమాస్తా దాన్ని తిప్పి చూశాడు. ఆయనకు మా సంగతంతా తెలుసు. ఏమీ అడగకుండా బాపు మేకు పక్కన కొత్త మేకు కొట్టి తగిలించి, "పిలగాని డ్యూటీ అయిపోయిందవ్వా" అన్నాడు.

బిల్లలిచ్చిన మనుషులు ఒక్కొక్కరే మసి కడుక్కోవడానికి నల్లా వైపు పోతున్నారు. అవ్వ వాళ్ళందరి ముఖాలూ చూసింది. అన్న బిల్ల వెనక ఎవరూ లేరు. అక్కడే బొగ్గు దుమ్ములో కూలబడి, కొడుకు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నల్లటి ముఖాలతో ఉన్న ఆ మనుషులు ఇళ్ళకు పోకుండా ఆమె చుట్టూ నిలబడ్డారు.

ఆ పూట మా ఇంట్లో అవ్వ మూడు కంచాలే పెట్టింది.