బిషప్పు, ఇరవై రెండు గిన్నెలు

లుద్విక్ స్కోచిర్‌కు పొగరంటూ ఉంటే అది ఒక్క చేప విషయంలోనే. తొమ్మిది కిలోల మగ ట్రౌట్. ఒంటినిండా పాలరాతి చారలు, బరువైన దవడ, తొందరలేని నడక. దానికి బిషప్పు అని పేరు పెట్టుకున్నాడు. టోల్మిన్ ఊరికి ఎగువన కొండవాగు పక్కనున్న చేపల సంఘం హేచరీని, అంటే చేపపిల్లల్ని పొదిగించే కేంద్రాన్ని, అతను ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాడు. అందులో చివరి తొమ్మిదేళ్లూ బిషప్పు పరిపాలనే.

డిసెంబరులో ఆడచేపలు గుడ్లకు వచ్చేవి. లుద్విక్ ఒక్కొక్కదాన్నీ చంటిబిడ్డలా పట్టుకుని, పొట్ట నిమిరి, గుడ్లన్నీ ఒకే బేసిన్‌లోకి జార్చేవాడు. వాటిమీద బిషప్పు వీర్యం పిండేవాడు. మిగతా మగచేపలకు ఆ యోగం లేదు. మేలైన ఆబోతు ఉండగా బక్కదాన్ని ఎవరు తెస్తారని అతని వాదన. పిల్లలన్నీ అచ్చు గుద్దినట్టుండేవి. చూడవచ్చినవాళ్లు మెచ్చుకుని పోయేవారు.

ఒక జూలైలో నీళ్లు పది రోజులు వరసగా వేడెక్కాయి. మొప్పల రోగం వచ్చింది. నాలుగు రోజుల్లో పిల్లల తొట్లన్నీ ఖాళీ. వేరే మడుగులో ఉన్న బిషప్పు మాత్రం మిగిలింది. వాగులో మాత్రం కొన్ని చచ్చాయి, చాలావరకు బతికాయి.

సంఘం పెద్ద బోగోమిల్ అతనితో కలిసి చదువుకున్నవాడే. అయినా మొహమాటపడలేదు.

"వచ్చే వేసవిలో కూడా ఇంతే అయితే హేచరీకి తాళమేరా. కింద మైదానం నుంచి ఫారం చేపలు తెచ్చి వాగులో వదిలేద్దాం."

ఫారం చేపలతో సంకరమైతే ఈ వాగు ట్రౌట్ నాలుగు తరాలు కూడా నిలవదు. ఆ వారం లుద్విక్‌కు రోజూ తినే మొక్కజొన్న సంకటి పోలెంటా సయించలేదు.

రాజధాని ల్యుబ్లానా నుంచి నెవెంకా అనే పరిశోధకురాలు వచ్చి, తొట్లలో చచ్చినవాటివీ వాగులో బతికినవాటివీ రెక్కల చివర్లు కాస్త కాస్త కత్తిరించి పరీక్షకు పట్టుకెళ్లింది. నవంబరులో కాగితాలతో మళ్లీ దిగింది.

"బాబాయ్, నీ చేపలన్నీ ఒక్క తండ్రి బిడ్డలు."

"మంచిదేగా. ఆస్తి తగాదాలుండవు."

"రోగాన్ని పోల్చుకునే జన్యువులు కూడా ఇంచుమించు అన్నిటికీ ఒకటే. కాపలావాళ్లందరికీ ఒకే దొంగ మొహం తెలుసనుకో. ఇంకో దొంగ వస్తే? వాగులో వాటికి తలా ఒక దొంగ తెలుసు."

"అంటే తప్పు బిషప్పుదంటావు."

"దానిదేముంది పాపం. ప్రతిసారీ దాన్నే పిలిచింది నువ్వు."

ఈసారి డిసెంబరులో పద్ధతి మారింది. వాగులో దొరికిన మగచేపలన్నీ, పొట్టివీ వంకరవీ కూడా, వచ్చాయి. ఒక ఆడదానికి ఒక మగది, జతకో గిన్నె. మొత్తం ఇరవై రెండు జతలు. హేచరీలో ఉన్న గిన్నెలు మూడు. మిగిలినవి లుద్విక్ ఇంటి వంటగదిలోంచి మోసుకొచ్చాడు. వెనకాలే భార్య జ్ద్రావ్కా వచ్చింది.

"శనివారం పందిని కోస్తున్నామయ్యా. రక్తం దేంట్లో పట్టమంటావు, నీ టోపీలోనా?"

"సోమవారం ఇచ్చేస్తానన్నానుగా."

"ఆ రక్తంతో చేసే సాసేజీలు చేపల కంపు కొడితే నువ్వే తిందువుగాని."

చూడవచ్చిన బోగోమిల్ పదమూడో గిన్నె దగ్గర ఆగిపోయాడు. లుద్విక్ చేతిలో జానెడు చేప. ఒక కన్ను లేదు, మూతి వంకర.

"ఒరే, దీన్ని పిల్లి కూడా ముట్టదు. దీనికి పెళ్లా?"

"నీకు కాలేదూ?"

బిషప్పుకు ఒకే ఒక్క గిన్నె దక్కింది. అలవాటు కొద్దీ లుద్విక్ చెయ్యి రెండో గిన్నె వైపు కదిలింది. నెవెంకా గొంతు సవరించుకుంది. చెయ్యి వెనక్కి వచ్చింది.

ఏ జత పిల్లల్ని ఆ జత ట్రేలోనే పెంచారు. మరుసటి జూలైలో నీళ్లు మళ్లీ వేడెక్కాయి, రోగం మళ్లీ వచ్చింది. లుద్విక్ తెల్లారగానే వెళ్లి ట్రేలు ఒక్కొక్కటీ చూసేవాడు. మూడో రోజుకు బిషప్పు ట్రే ఖాళీ అయింది. మరో ఐదు ట్రేలు దాని వెంటే పోయాయి. కొన్ని సగమయ్యాయి. పదమూడోదాంట్లో పోయినవి వేళ్లమీద లెక్కపెట్టచ్చు. నీళ్లు చల్లబడేసరికి, అన్నీ కలిపి చూస్తే, సగానికి పైనే ఈదుతున్నాయి.

బోగోమిల్ ట్రేలన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చాడు. "సరే, తాళం కొనే పని తప్పింది." పదమూడోదాని మీదికి వంగాడు. "నీ ఒంటికన్ను పెళ్లికొడుక్కి ఏం పేరు పెడుతున్నావు?"

"పెట్టను," అన్నాడు లుద్విక్. "పేరు పెడితే మళ్లీ దాన్నే పిలుస్తాను."