ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా: మా గార్డు తాత

శుక్రవారం పొద్దున నేను కాలేజీకి బయలుదేరుతుంటే ఎదురింటి ఫిట్టర్ చాచా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తాత పోయిండు బేటీ" అన్నాడు. లాలాగూడలో మా ఇళ్ల వరసలో చివరి ఇంటి ఆయన, రిటైరైన రైల్వే గార్డు. యూదుడు. బొంబాయి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాకందరికీ గార్డు తాత.

నాకు మాటల పిచ్చి పట్టించింది ఆయనే. సాయంత్రాలు వరండాలో ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసేవాడు. వాళ్ల గ్రంథంలోంచి ఒక కథ చెప్పి, నన్నొక పక్షాన వాదించమనేవాడు. నేను గెలిచేలా ఉన్నానని తెలియగానే, "లే, ఇటు కూసో. ఇప్పుడు నా దిక్కు మాట్లాడు" అనేవాడు.

"నేనన్న మాట నేనే కొట్టెయ్యాల్నా తాతా?"

"మరి? ఎదుటోడు కొట్టేస్తే తక్లీఫ్ ఎక్కువ."

రెండేళ్ల కిందట చెప్పిన ఒక కథ నన్ను వదల్లేదు. దావీదు రాజు మీద తిరగబడ్డ ఒకడు పారిపోయి ఒక ఊళ్లో దాక్కున్నాడు. రాజుగారి సేన ఊరిని చుట్టుముట్టింది. ఆ ఊరి తెలివైన ఆడమనిషి ఒకామె సేనాపతితో మాట్లాడి, వాడి తల నరికించి గోడ మీంచి పడేయించింది. సేన వెళ్లిపోయింది, ఊరు బతికింది. దీని మీద యూదు పండితులు తరతరాలు తర్కించారట. చుట్టుముట్టినవాళ్లు మీలో ఎవరో ఒకరిని ఇమ్మంటే అందరూ చచ్చినా ఇవ్వకూడదు, కానీ పేరు పెట్టి అడిగితే ఇవ్వొచ్చు అన్నాడు ఒకాయన. పేరు పెడితే చాలదు, వాడు నిజంగా చావుకు తగిన తప్పు చేసి ఉండాలి అన్నాడు ఇంకొకాయన.

"ఎవరు చెప్పింది సరైంది తాతా?"

"రెండూ రాసిపెట్టిన్రు. ఎందుకో నువ్వే సోచాయించు."

అప్పుడు నాకు నిజాం రాజ్యం మీద పోలీసు చర్య ముగిసిన వారం గుర్తొచ్చింది. కర్రలు పట్టుకున్న గుంపు ఒకటి మా వరసలోకి వచ్చి ఫిట్టర్ చాచాను పేరు పెట్టి అడిగింది. ఇవ్వకపోతే ఇళ్లన్నీ తగలబెడతామంది. చాచా అంతకుముందు నాలుగు రోజులు నిజాం పక్షాన రజాకార్లతో కవాతు చేశాడు. అది అందరికీ తెలుసు. చాచా దాక్కున్నది గార్డు తాత ఇంట్లోననీ తెలుసు. "ఒక్కనికోసం అందరం సావాల్నా?" అన్నాడు మా నాయన. నాకూ ఆయన మాటే సబబనిపించింది.

తాత గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని, గుంపునే అడగడం షురూ చేశాడు. "వాడు ఎవర్ని కొట్టిండు? నువ్వు చూసినవా? ఏ దినం?" ఒకడు సోమవారమన్నాడు. "సోమవారం వాడు వర్క్‌షాపుల ఉండె కదా" అన్నాడు వాళ్లలోనే ఇంకొకడు. వాళ్లలో వాళ్లకే తగువు ముదిరింది. ఈలోగా మిలిటరీ లారీ చప్పుడు వినపడి, చెదిరిపోయారు.

"ఆ రోజు చాచాను పేరు పెట్టే అడిగిన్రు కదా తాతా, ఇవ్వొచ్చు కదా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. అలాగే ఒకణ్ణి అప్పగించి ఊరిని కాపాడిన ఒక పండితుడి సంగతి చెప్పాడు. అంతవరకూ ఆ పండితుడిని చూడ్డానికి వస్తుండే ప్రవక్త ఆ తర్వాత రావడం మానేశాడట. శాస్త్రం ప్రకారమే చేశానని పండితుడు మొత్తుకుంటే, భక్తులు నడిచే శాస్త్రం అది కాదన్నాడట ప్రవక్త.

"ఇవ్వొచ్చు అన్నరు బిడ్డా. ఇయ్యాలె అనలే."

"మరి ఆ రోజు ఇండ్లు తగలబడుంటే?"

"అది నాకు ఇప్పటికీ తెల్వది" అన్నాడు.

శనివారం యూదులకు విశ్రాంతి దినం, అది శుక్రవారం పొద్దుగుంకగానే మొదలవుతుంది. ఆలోపే పూడ్చాలి. బంధువులు ఊళ్లో ఎవరూ లేరు. మా వరస వాళ్లే మోశారు, ముందు మా నాయన. గోతిలోకి ఎవరు దిగాలా అని మగవాళ్లు ఒకరినొకరు చూసుకుంటుంటే ఫిట్టర్ చాచా అప్పటికే దిగాడు. తెల్లబట్ట చుట్టిన తాతను మా నాయన వాళ్లు మెల్లగా అంచు దాటించారు. మెడలోతు గోతిలో చాచా ఒక్కడే నిలబడి, రెండు చేతులూ పైకి చాచి ఉన్నాడు.