నొప్పి గోలీ కూడా మందేనా?

మేనత్త పోయిందని మామయ్య ఫోన్ చేసి చెప్పారు. "మీ అత్త ఇగ లేదు బిడ్డా" అన్నారు. డయాలసిస్ మొదలైనప్పటి నుంచి అలాంటి ఫోన్ వస్తుందని భయపడుతూనే ఉన్నాం.

మాది ఇంద్రేశం. ఊళ్లో పై చదువు లేకపోతే అత్త నన్ను పటాన్‌చెరులోని తన ఇంట్లో ఉంచుకుని చదివించింది. ఆమె ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. షిఫ్టు నుంచి రాగానే చింతపండుతో చేతులు రుద్దుకునేది. పౌడరు వాసన పోయేదాకా అన్నం ముట్టేది కాదు. నన్ను కోప్పడాల్సి వచ్చినా ముందు కంచం పెట్టేది. "ఆకలి మీద తిట్లు తింటే అరగవు" అనేది.

ఒకసారి ఆమె లైనులో ఒక నిండు గర్భిణి నిలబడి పనిచేస్తోంది. సూపర్‌వైజర్ స్టూలు ఇవ్వనన్నాడు. "ఆమె పని గూడ నేనే చేస్త. జెర కూసోనియ్యి సారూ" అంది అత్త. కాన్పుకు వెళ్లేదాకా ఆమె పని కూడా చేసిపెట్టింది. మాకు ఈ సంగతి అత్త చెప్పలేదు. అంత్యక్రియలకు వచ్చినప్పుడు ఆనాటి ఆ గర్భిణే చెప్పింది.

కొన్నేళ్ల కిందట అత్తకు ఛాతీలో పట్టేసినట్టు ఉంటే మామయ్య సంగారెడ్డిలో డాక్టర్‌కు చూపించారు. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని రోజూ వేసుకోమని గోలీ రాశారు. కొన్నాళ్లకు తొడలు, పిక్కలు గుంజడం మొదలైంది. నిలబడే పని కదా అనుకుంది. మేమూ అదే అనుకున్నాం. గల్లీ చివరి మెడికల్ షాపులో చీటీ లేకుండానే నొప్పి గోలీలు ఇచ్చేవారు. మొదట అప్పుడప్పుడు, తర్వాత పూటపూటా. మామయ్య వద్దంటే, "గోలీలు చేసేటోళ్లమే భయపడితే, కొనేటోళ్లు ఎట్ల మింగుతరు?" అని నవ్వేది.

ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని డాక్టర్ అడిగిన ప్రతిసారీ "ఏం లేవు సారూ" అనేది. దాచాలని కాదు.

ఒక ఎండాకాలం అత్త ఇంటి మెట్లు ఎక్కలేకపోయింది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తున్నా సిగ్గుపడి చెప్పలేదు. హైదరాబాద్ తీసుకెళ్లేసరికి కిడ్నీలు పాడైపోయాయి.

"కొలెస్ట్రాల్ మందు కొందరిలో కండరాలను దెబ్బతీస్తుందమ్మా. అందుకే ఆ నొప్పి. అప్పుడే నొప్పి సంగతి డాక్టర్‌కు చెబితే మందు మార్చేవారు. నొప్పి గోలీలతో దాన్ని అణిచిపెట్టారు. దెబ్బతిన్న కండరం రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డుపడింది. పైగా అన్నేసి నొప్పి గోలీలు కిడ్నీలకూ మంచివి కావు" అన్నారు అక్కడి డాక్టర్.

అత్త మంచం మీద నుంచి అంతా విన్నది.

"నొప్పి గోలీ గూడ మందేనా సారూ?" అని అడిగింది.

ఆయన ఆ గోలీల పేరు అడిగి షీటులో రాసుకున్నారు.

చివరిసారి ఆసుపత్రికి చూడ్డానికి వెళ్లినప్పుడు, డయాలసిస్ మీద ఉందని ఆమెకు నీళ్లు కూడా కొలిచి ఇస్తున్నారు. పెదాలు పగిలిపోయాయి. పక్క మంచం వాళ్లావిడ మూలనున్న నల్లా కింద టిఫిన్ గిన్నెలు కడుగుతోంది. నేను ఏదో మాట్లాడుతున్నాను, అత్త వినడం లేదు. ఆ ధార వైపే చూస్తోంది. ఆవిడ గిన్నెలు తీసుకుని నల్లా కట్టేసి వెళ్లిపోయింది. నల్లా చివర ఒక చుక్క వేలాడుతూ ఉండిపోయింది. అది రాలిపడేదాకా అత్త కన్నార్పలేదు.